చదవకండి, పెద్దల పరువు పోతోంది

ప్రాచీన నాగరికతలంటే నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. మ్యూజియంలో గాజుపెట్టె ముందు నిలబడగానే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లి కట్టుకుంటాయి. గొంతు తగ్గిపోతుంది. మొహంలోకి ఎక్కడలేని గాంభీర్యం వచ్చేస్తుంది. లోపలున్నది ఏమిటో బొత్తిగా అర్థం కాకపోతే ఆ గాంభీర్యం ఇంకో రెండు పాళ్లు పెరుగుతుంది. అయిదు వేల ఏళ్ల నాటి మట్టిపలక ఒకటి ఉందనుకోండి. దాని మీద కోడి కెలికినట్టు గీతలు, గుంటలు. ఆ మహానుభావులు విశ్వరహస్యమేదో చెక్కిపెట్టి పోయారు, అందుకునే బుద్ధే మనకు లేదు అనుకుంటూ తల పంకిస్తూ ఉంటాను. పక్కనున్న చిన్న అట్టముక్క మీద ఆ గీతల అర్థం రాసి ఉందని కంటపడేదాకా అంతా బాగానే ఉంటుంది.

అర్థం ఏమిటయ్యా అంటే, బార్లీ లెక్క.

ఇరాక్‌లోని ఉరుక్ నగరానికి చెందిన పలక ఒకటుంది. క్రీ.పూ. 3000 ప్రాంతంలోది. అందులో ఉన్నదాని సారాంశం: 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిం. అయిపోయింది. రాతలో మనకు మిగిలిన మొట్టమొదటి మనిషి పేరు ఈ కుషిందే కావచ్చని కొందరు పండితులంటారు. అసలది పేరా, హోదానా అని ఇంకొందరి సందేహం. ఎవరి మాట నిజమైనా పోయిన పరువు తిరిగి రాదు. మానవజాతి తొలి సంతకం ఏ చక్రవర్తిదో, ఏ ఋషిదో అవుతుందని ఆశపడ్డాం. గోడౌన్ లెక్కలు చూసుకునే ఆయనదైంది. ఆ బార్లీ కూడా బీరు కాయడానికట.

కాబట్టి నా అభియోగం సూటిగా పెడుతున్నాను. భూకంపాల వల్ల గానీ, సమాధులు దోచినవాళ్ల వల్ల గానీ ప్రాచీనుల పరువుకు జరిగిన నష్టం చాలా తక్కువ. చేతులు విరిగిన విగ్రహం విరగని విగ్రహం కంటే హుందాగానే ఉంటుంది. అసలు నష్టమంతా చేసింది పాత లిపులు చదవడం నేర్చుకున్న పెద్దమనుషులు. గుప్పిట మూసి ఉన్నంతసేపూ లోపల మాణిక్యం ఉన్నట్టే. వీళ్లు ఒక్కో వేలూ పట్టుకుని విప్పి చూపిస్తున్నారు.

నా దగ్గర ఆధారాలున్నాయి. ముందుగా ఏయా-నాసిర్ గారి కేసు.

ఈయన దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరంలో (అవును, ఊరి పేరే ఊర్) క్రీ.పూ. 1750 ప్రాంతంలో రాగి వ్యాపారం చేసేవాడు. దిల్మున్ నుంచి, అంటే ఇప్పటి బహ్రెయిన్ వైపు నుంచి, సరుకు తెప్పించి అమ్మేవాడు. ఆయనకు నాన్ని అనే ఖాతాదారు రాసిన ఉత్తరం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 11.6 సెంటీమీటర్లు. అరచేతిలో పడుతుంది. ముందూ వెనకా సందు లేకుండా గీతలే. కాగితం చాలక అంచుల వెంబడి కూడా రాసేసే కోపిష్టి మనుషులుంటారు కదా, ఆ విసురు మట్టి మీద కూడా తెలుస్తుంది. చదవకుండా వదిలేసి ఉంటే దీన్ని సూర్యస్తుతి అని హాయిగా నమ్మి ఉండేవాళ్లం. చదివారు.

"మంచి రాగి దిమ్మలు ఇస్తానన్నావు. నాసిరకం దిమ్మలు తెచ్చి నా మనిషి ముందు పడేసి, కావాలంటే తీసుకో, వద్దంటే పో అన్నావట. నన్నేమనుకుంటున్నావు? నీకు నేను బాకీ ఉన్న ఆ ముష్టి మినా (అప్పటి తూకం) వెండి చూసుకునేనా ఈ మాటలు? నా మనుషులు శత్రువుల నేల మీదుగా వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లారు. ఇకమీద ఒక్కో దిమ్మా నా వాకిట్లోనే పెట్టి, ఏరి తీసుకుంటాను. నచ్చనిది తిప్పికొడతాను." నా మాటల్లో చెప్పాను గానీ ఉత్తరం సారం ఇంతే. పేరులోనే నాసిరకం ఉన్న మనిషితో నాన్ని బేరం పెట్టుకున్నాడని తెలుగు చదువరికి మాత్రమే అనిపిస్తుంది, దానికి నేను బాధ్యుణ్ని కాను.

ఇక్కడితో ఆగితే ఎవరో ఒక ఖాతాదారుకి నోటి దురుసు అని సరిపెట్టుకోవచ్చు. ఆ పలక దొరికిన ఇంట్లో అలాంటి ఫిర్యాదులు మరికొన్ని కూడా దొరికాయి. అది ఏయా-నాసిర్ ఇల్లేనని తవ్వినవాళ్ల అంచనా. అంటే ఆ మహానుభావుడు తనను తిట్టిన ఉత్తరాలు పారేయకుండా ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో నాకు ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. కోర్టులో చూపించడానికా? సాయంత్రం పూట చదువుకుని నవ్వుకోవడానికా?

ఊర్‌ను 1922 నుంచి 1934 దాకా తవ్వించింది లెనర్డ్ వూలీ. ఆయనకక్కడ రాజుల సమాధులు దొరికాయి. పు-అబి రాణి తలమీద బంగారు ఆకులతో అల్లిన ఆభరణం, ఎద్దుతల ఉన్న వీణలు, పొద మీదికి నిక్కిన బంగారు మేక. కన్ను తిప్పుకోలేని పనితనం. నాలుగున్నర వేల ఏళ్లుగా రాణిగారు అంత అలంకరించుకుని ఎదురుచూస్తే ఇంటర్నెట్‌లో పేరొచ్చింది ఎవరికి? రాగి వ్యాపారికి. ఆయన మీద మీమ్స్ ఉన్నాయి. ప్రపంచంలో అత్యంత పాత ఖాతాదారు ఫిర్యాదుగా ఆ పలక గిన్నిస్ రికార్డుకెక్కింది. రాణిగారి పొరపాటల్లా ఎవరి దగ్గరా రాగి కొనకపోవడమే.

రెండో కేసు ఇంకా ఘోరం. గ్రీసుకు చెందిన క్రీట్ దీవిలో క్నోసోస్ అనే చోట 1900లో ఆర్థర్ ఇవాన్స్ తవ్వకం మొదలుపెట్టాడు. మహా కట్టడం బయటపడింది. గోడల మీద డాల్ఫిన్లు, పరుగెత్తే ఎద్దు వీపు మీదుగా పల్టీ కొట్టే కుర్రాళ్లు. వీటితో పాటు కుప్పలు కుప్పలుగా రాత పలకలు. ఆ లిపికి లీనియర్ బి అని పేరు పెట్టి, ఎక్కువ భాగం తన దగ్గరే ఉంచుకుని, నలభై ఏళ్లు కుస్తీ పట్టి, ఒక్క వాక్యం కూడా చదవకుండా 1941లో కన్నుమూశాడు. నా దృష్టిలో పురావస్తు శాస్త్రానికి ఆదర్శపురుషుడు ఆయనే. చదవలేకపోవడం వల్ల ఆయన ఊహకు అడ్డే లేకుండా పోయింది. రాజే పూజారిగా ఏలిన, పువ్వులూ శాంతీ తప్ప వేరే ధ్యాస లేని అద్భుత లోకాన్ని ఆ శిథిలాల మీద నిలబెట్టాడు. చాలాచోట్ల నిజంగానే నిలబెట్టాడు, కాంక్రీటు పోసి. క్రీ.పూ. రెండో సహస్రాబ్దికి సిమెంటు సరఫరా చేసిన ఘనత ఆయనదే. కలువల రాకుమారుడని అందరూ మురిసిపోయే కుడ్యచిత్రం ఉంది. అందులో అతికించిన ముక్కలన్నీ ఒకే బొమ్మవి కాకపోవచ్చని తర్వాతివాళ్లు తేల్చారు. ఒకరి కిరీటం, మరొకరి ఒళ్లు. అయినా ఎంత అందంగా ఉన్నాడు!

ఇంతలో అమెరికాలో ఆలిస్ కోబర్ అనే ఆవిడ బయల్దేరింది. పగలు కాలేజీలో పాఠాలు చెప్పడం, రాత్రి ఆ గుర్తులు లెక్కపెట్టడం. యుద్ధకాలంలో కాగితం కరువైతే వాడేసిన కాగితాల వెనక వైపున వేలకు వేలు చీటీలు రాసి, సిగరెట్ పెట్టెల్లో దాచుకుని, ఏ గుర్తు ఏ గుర్తు పక్కన వస్తోందో పట్టికలు కట్టింది. ఫలితం చూడకుండానే 1950లో చనిపోయింది. ఆవిడ వేసిన బాట మీద నడిచి, 1952లో మైకేల్ వెంట్రిస్ తాళం తీశాడు. ఆయన పురావస్తు పండితుడు కూడా కాదు, ఇళ్ల ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. భాష పాత గ్రీకు అని తేలింది. గ్రీకుల ఆదికవి హోమర్ కంటే అయిదారు వందల ఏళ్ల ముందటి గ్రీకు! ఏముంటుంది అందులో? వీరగాథలా? దేవతల పుట్టుపూర్వోత్తరాలా? పండితలోకమంతా ఊపిరి బిగబట్టింది.

గొర్రెలున్నాయి.

గొర్రెలు, ఉన్ని, నూనె, రథచక్రాలు (బాగున్నవి ఇన్ని, బాగులేనివి ఇన్ని), ఆడ కూలీలకు ఇచ్చిన గింజలు, రావలసిన బకాయిలు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీళ్లు కొండను తవ్వి గొర్రెల్ని, అదీ లెక్కపెట్టి మరీ పట్టారు. దేవతల పేర్లు వస్తాయి గానీ వాళ్లూ ఖాతాదారుల్లా వస్తారు, ఫలానా దేవుడికి ఒక జాడీ తేనె అంటూ.

పైగా ఆ లెక్కలు మిగిలిన తీరు చూడండి. వాళ్లు పలకల్ని కాల్చేవాళ్లు కాదు. పచ్చి మట్టి మీద గీసి, పనైపోయాక తడిపి మళ్లీ వాడుకునేవాళ్లు. ఒకరోజు భవనం తగలబడింది. ఆ మంటకు పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. వాళ్ల పాటలు, కథలు, ఏ భాషలో ఏమని ఏడ్చారో నవ్వారో అంతా బూడిద. ఆ ఏటి గొర్రెల లెక్క మాత్రం అమరం. తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. ఇల్లు కాలేనాటికి బల్ల మీద ఏ చీటీ ఉంటే అదే మన నాగరికత!

క్నోసోస్ పలకల్లోనే కొన్ని ఎడ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఒకదాని పేరు కెలైనోస్, అంటే నల్లోడు. ఇంకోదాని పేరు పొదార్గోస్, తెల్లకాళ్లోడు. ఆ భవనంలో ఉన్న రాజు పేరు మనకు తెలియదు. అక్కడ కుర్చీ ఉంది, దాన్ని సింహాసనమంటున్నాం, దాని మీద కూర్చున్నది ఎవరో తెలియదు. నల్లోడు, తెల్లకాళ్లోడు మాత్రం మూడు వేల మూడు వందల ఏళ్ల తర్వాత కూడా పిలిస్తే పలికేలా ఉన్నారు. ఇది మర్యాదేనా?

ఇవాన్స్ తవ్విన చోటే ఇంకో లిపి కూడా దొరికింది, లీనియర్ ఎ. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. దాని పరువు చెక్కుచెదరలేదు.

ఈజిప్టు సంగతికొస్తే అక్కడ జరిగింది నిలువు దోపిడీ అనే చెప్పాలి. రాజుల లోయలో సమాధులు తవ్వి, గోడల నిండా దేవుళ్లనూ దేవతలనూ చిత్రించిన పనివాళ్లు డేర్ ఎల్-మెదీనా అనే ఊళ్లో ఉండేవాళ్లు. ఆ చిత్రాలు చూస్తే రాయికి ఊపిరి పోశారనిపిస్తుంది. అంతటితో ఊరుకుంటే పోయేది. వాళ్ల హాజరుపట్టీ దొరికింది. రెండో రామ్‌సెస్ ఏలుబడిలో 40వ ఏడు, అంటే క్రీ.పూ. 1250 చుట్టుపక్కల, ఒక పెద్ద సున్నపురాయి పలక మీద మేస్త్రీ తరఫు లేఖరి రాసుకున్నాడు. నలభై మంది పేర్లు. రాని రోజులు నల్ల సిరాతో. దాని పైన ఎర్ర సిరాతో కారణం.

కారణాలు చదివితే ఏ ఆఫీసులోనైనా మేనేజరు కళ్లు చెమ్మగిల్లుతాయి. కళ్లకలక. తేలు కుట్టింది. ఒంట్లో బాగులేదు. బీరు కాస్తున్నాడు. మళ్లీ బీరు కాస్తున్నాడు. పైఅధికారి సొంత పని మీద వెళ్లాడు (ఇది చాలాసార్లు వస్తుంది, మేస్త్రీ ఏమీ అనలేదు). కూతురు నెలసరి. మధ్యలో ఒకచోట, అమ్మ శవానికి గుడ్డలు చుడుతున్నాడు. ఆ మాట దగ్గర నేనూ కాసేపు ఆగాను. తర్వాత వాడి పక్కన మళ్లీ ఇంకొకడికి తేలు కుట్టింది.

వంద ఏళ్లు గడిచాక, మూడో రామ్‌సెస్ కాలంలో, అదే ఊరి పనివాళ్లకు జీతం గింజలు రాలేదు. "ఆకలేస్తోంది, నెలలో 18 రోజులు గడిచిపోయాయి" అంటూ పనిముట్లు వదిలేసి, గోడలు దాటి వెళ్లి, ఒక గుడి వెనక బైఠాయించారు. చరిత్రలో నమోదైన తొలి సమ్మె ఇదే అంటారు. ఆ వివరాలన్నీ రాసిన పపైరస్ (రెల్లుతో చేసిన ఆనాటి కాగితం) ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఫారో అంటే దైవాంశ, సూర్యపుత్రుడు, భూమ్యాకాశాలను నిలబెట్టేవాడు అని మనం పిల్లలకు చెప్పుకుంటున్నాం. ఆయనగారు జీతాలు ఆపాడన్న కాగితం మాత్రం నిక్షేపంగా మిగిలింది.

పిరమిడ్ల విషయంలో నాకు కాస్త ఆశ ఉండేది. వాటిని గ్రహాంతరవాసులు కట్టారని నమ్మే సజ్జనులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లను చూసి నవ్వేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వాళ్లది అజ్ఞానం అనుకోకండి, భక్తి. అంత పెద్ద కట్టడాన్ని మనలాంటివాళ్లు కట్టారంటే దానికి అవమానం కాదూ? ఈ భక్తికి గొడ్డలిపెట్టులా 2013లో పియేర్ తాలే బృందం ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట కొన్ని పపైరస్ ముక్కలు బయటికి తీసింది. నాలుగున్నర వేల ఏళ్ల నాటివి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటికి దొరికినవాటిలో ఇవే పాతవి. రాసింది మెరెర్ అనే చిన్న అధికారి, పడవ పనివాళ్ల ముఠాకు పెద్ద. ఖుఫు రాజు పిరమిడ్ పని నడుస్తున్న రోజుల డైరీ అది.

ప్రపంచపు ఏడు వింతల్లో ఒకదాన్ని కళ్లారా చూస్తూ, దానికి రాళ్లు మోస్తూ ఆయన ఏం రాశాడు? తూరా గనిలో రాళ్లు ఎక్కించాం. బయల్దేరాం. రాత్రికి ఫలానా చోట పడుకున్నాం. పొద్దున గీజా చేరాం. దించాం. తిరిగి తూరా వెళ్లాం. ఎక్కించాం. ఆశ్చర్యార్థకం లేదు, ఉపమ లేదు, ఎండ ఎక్కువగా ఉందన్న మాటైనా లేదు. లారీ డ్రైవరు ట్రిప్ షీటు. గ్రహాంతరవాసులైతే ఇంత చేటు చేసి ఉండేవాళ్లు కాదు, ట్రిప్ షీట్లు ఇక్కడ పడేసి వెళ్లేవాళ్లు కాదు. వాళ్లది పద్ధతైన వ్యవహారం.

ఆ పిరమిడ్ల దగ్గర పనిచేసిన ముఠాలు తమ పేర్లు లోపలి రాళ్ల మీద రంగుతో రాసుకున్నాయి కూడా. "ఖుఫు మిత్రులు" అన్నది ఒక ముఠా. మూడో పిరమిడ్ దగ్గర ముఠా పేరు "మెన్కౌరే తాగుబోతులు". రాజుగారి పేరూ తాగుబోతులూ ఒకే సమాసంలో! దాన్ని పట్టుకుని, శుభ్రంగా అనువదించి, ఫుట్‌నోటు కూడా వేశారు మన పండితులు.

చైనాలోనూ ఇదే వరస. షియాన్ దగ్గర 1974లో బావి తవ్వుతున్న రైతులకు మట్టి సైనికులు దొరికారు. వేలమంది, ఎవరి మొహం వారిదే. ఒంటి మీద చిన్న చిన్న అక్షరాలు కనిపిస్తే వీరుల పేర్లనుకున్నాను. చేసిన మేస్త్రీల పేర్లట. బొమ్మలో లోపం తేలితే ఎవణ్ని పట్టుకోవాలో తెలియడానికి. కళాకారుడి సంతకం అనే గొప్ప సంప్రదాయం అక్కడ శిక్ష వేయడానికి వీలుగా పనికొచ్చిందంటే మీ గుండె తట్టుకుంటుందా?

ఈ విధ్వంసాన్ని ఎదుర్కోవడానికి మ్యూజియం వారి దగ్గర ఒకే ఒక ఆయుధం ఉంది. దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. వస్తువు ఏమిటో తెలియనప్పుడు పక్కన పెట్టే అట్టముక్క: "ఆచార సంబంధమైన వస్తువు కావచ్చు." ఎంత చక్కని మాట! తెలియదని ఒప్పుకోనక్కర్లేదు, అబద్ధం చెప్పనక్కర్లేదు, చూసేవాడు చేతులు కట్టుకుంటాడు. రోమన్ల కాలపు కంచు వస్తువులు కొన్ని ఉన్నాయి. పన్నెండు ముఖాలు, ఒక్కో ముఖానికీ ఒక రంధ్రం, ఏ రంధ్రమూ పక్కదాని సైజులో ఉండదు, ప్రతి మూలకూ చిన్న బుడిపె. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ వైపు వందకు పైగా దొరికాయి. ఆ కాలపు ఏ రాతలోనూ వాటి ఊసు లేదు. కొవ్వొత్తి పెట్టుకునేదని ఒకరు, దూరాలు కొలిచేదని ఒకరు, చేతి తొడుగులు అల్లేదని ఒకరు. 2023లో ఇంగ్లండ్‌లో ఇంకొకటి చెక్కుచెదరకుండా దొరికింది, అయినా పని తెలియలేదు. రోమన్లు నోరు మూసుకుని సాధించిన విజయం నాకు తెలిసి ఇదొక్కటే. మిగతాచోట్ల వాళ్లకు నోరు ఆగలేదు. బ్రిటన్ సరిహద్దులోని విండొలాండా కోటలో చెక్కరేకుల మీద సిరా ఉత్తరాలు దొరికితే, ఒకదాంట్లో ఎవరో సైనికుడికి మేజోళ్లు, చెప్పులు, రెండు లోదుస్తులు పంపిన సంగతి ఉంది. లోకాన్ని గెలిచిన సైన్యం! అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే పట్టణం గోడల మీదైతే ఎంత రాశారంటే, "ఓ గోడా, ఇంతమంది పిచ్చిరాతలు మోస్తూ ఇంకా కూలిపోలేదంటే ఆశ్చర్యంగా ఉంది" అని కూడా గోడ మీదే రాశారు.

ఆచార సంబంధం కంటే ఒక మెట్టు పైన ఉన్నది మొహెంజొదారో పద్ధతి. అక్కడ దొరికిన చిన్న రాతి బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. గడ్డం, సగం మూసిన కళ్లు, ఒంటి మీద మూడు రేకుల పూల బట్ట. ఎత్తు 17.5 సెంటీమీటర్లు. ఆయన రాజు అనడానికి ఆధారం లేదు. పూజారి అనడానికీ లేదు. అందుకని రెండూ ఇచ్చేశారు: పూజారి-రాజు. ఇలాంటి ప్రమోషన్ చదవడానికి వీలైన నాగరికతలో దొరుకుతుందా? ఆయన మెడలో నాలుగు అక్షరాల పలక వేలాడుతూ ఉండి, దాన్ని ఎవరైనా చదివేసి ఉంటే ఈపాటికి ఆయన ఏ తూకాల ఇన్‌స్పెక్టరో అయి కూర్చునేవాడు.

విగ్రహాల రంగుల గురించి ఎక్కువ చెప్పను. గ్రీకు, రోమన్ పాలరాతి విగ్రహాలు మొదట్లో ఎరుపూ నీలమూ పసుపూ పూసుకుని ఉండేవి. మట్టిలో రంగులు పోయి తెల్లబడితే మనం దాన్ని నిష్కల్మషమైన సౌందర్యం అన్నాం. 1937-38లో ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి శిల్పాలను బ్రిటిష్ మ్యూజియంలో రాగి ఉలులతో గీకారు, ఇంకా తెల్లగా రావాలని. ఉన్న రాతి పైపొర కూడా పోయింది. పరువు కోసం పడిన ఆ శ్రమను మాత్రం కాదనలేం.

నా వాదానికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. చదవడం వల్లే కదా మెసొపొటేమియా వాళ్ల గిల్గమేష్ కావ్యం దొరికింది అంటారు. దొరికింది. 1872లో జార్జ్ స్మిత్ బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని పలకల ముక్కలు చదువుతుంటే జలప్రళయం, కొండ మీద ఆగిన పడవ, పడవ లోంచి వదిలిన పావురం తగిలాయి. అప్పుడేం జరిగిందో ఆ మ్యూజియంలోనే తర్వాత పనిచేసిన బడ్జ్ రాసిపెట్టాడు. స్మిత్ గారు ఆనందం పట్టలేక లేచి గదంతా పరుగులు పెట్టి, అందరి ముందూ బట్టలు విప్పడం మొదలుపెట్టారట. నేను అంటున్నదీ అదే. పాత అక్షరాలు చదివితే ఎవరో ఒకరి పరువు పోవడం ఖాయం. రాసినవాడిది నిలబడితే చదివినవాడిది.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేదు. సగటున అయిదు గుర్తులు, కింద ఒంటికొమ్ము జంతువు, చదరపు ముద్ర. ఎంత నిండుగా ఉంటుందో! ఇంత ప్రశాంతంగా ఉన్న లిపిని చదివినవాళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తామని 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఆ బహుమతిని వెంటనే వెనక్కి తీసుకోవాలని నా విన్నపం. లేదా అదే సొమ్ము చదవనని రాసిచ్చినవాళ్లకు పంచాలి. (నేను ఈ క్షణమే సంతకం పెట్టగలను, నాకు అర్హతలన్నీ ఉన్నాయి.) ఎందుకంత భయమంటారా? గుజరాత్‌లోని లోథాల్‌లో అలాంటి ముద్రలు కొట్టిన మట్టి బిళ్లలు దొరికాయి. వెనక్కి తిప్పితే తాడు అచ్చు, నేసిన గుడ్డ అచ్చు. అంటే మూటలు కట్టి, తాడు ముడి మీద మట్టి మెత్తి, ముద్ర కొట్టారు. సరుకు మూట మీద అయిదు అక్షరాల్లో ఏం రాసి ఉంటారో మీకూ నాకూ లోలోపల తెలుసు. పైకి అనకండి.

ఒక్క ఉత్తరం విషయంలో మాత్రం నా సిద్ధాంతం కాస్త తడబడిందని ఒప్పుకోవాలి. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో 1896 నుంచి గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు పపైరస్ ముక్కలు ఏరారు. గంపలకొద్దీ పన్ను రసీదులు, కౌలు పత్రాలు. వాటి మధ్య థియోన్ అనే పిల్లవాడు తండ్రికి రాసిన ఉత్తరం ఒకటుంది. పద్ధెనిమిది వందల ఏళ్ల నాటిది. తండ్రి పేరూ థియోనే. నాన్న తనను వదిలేసి పట్నం వెళ్లిపోయాడని వాడి అలక. ఘనకార్యం చేశావు, నన్ను తీసుకెళ్లలేదు. అలెగ్జాండ్రియాకు తీసుకెళ్లకపోతే నీకు ఉత్తరం రాయను, నీతో మాట్లాడను. వీడు నన్ను వేపుకు తింటున్నాడు, తీసుకుపోండి అంటోంది అమ్మ. కానుకలు పంపావులే, పెద్ద గొప్ప, కాయలు! నా కోసం మనిషిని పంపు. పంపకపోతే అన్నం తినను, నీళ్లు తాగను. అంతే!

గ్రీకు నిండా తప్పులే. రెండో తరగతి పిల్లాడి కోపంలో వచ్చే తప్పులు. నా నియమం ప్రకారం దీన్ని తిరగేసి గాజుపెట్టెలో పెట్టి, పక్కన "ఉపవాస దీక్షకు సంబంధించిన ప్రాచీన పత్రం కావచ్చు" అని రాయాలి. రాశాను కూడా. అట్టముక్క కత్తిరించి సిద్ధంగా ఉంచాను. అతికించడానికి చెయ్యి రాక రెండు రోజులుగా బల్ల మీదే ఉంది.

చివరగా సంపాదకుల వారికి. ఈ వ్యాసం చెప్పిన తేదీకి అందలేదని నాకు తెలుసు. మీ రిజిస్టరులో నా పేరు పైన ఎర్ర సిరాతో రాసుకోండి: తేలు కుట్టింది.